మ్యూజిక్ కీబోర్డ్‌ని ఏటా విప్పించి క్లీన్ చేయించాలా? చెడేదాకా ముట్టకూడదా?

కొర్లగుంట కీస్:
అన్నలకు నమస్కారం. దసరా ఆయుధపూజకి ఇంట్లోవాళ్ళు కీబోర్డ్‌కి కూడా పసుపు, కుంకుమ, అక్షింతలు వేశారు. ఇప్పుడు రెండు కీలు ఎంత మెల్లగా నొక్కినా ఫుల్ సౌండ్‌తో అరుస్తున్నాయి. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగర. యమహా పీఎస్ఆర్ మోడల్, వారంటీ అయిపోయింది. బండికి ఆయిల్ మార్చినట్టు ఏటా విప్పి సర్వీస్ చేయించాలని ఒకాయన అంటాడు. బాగున్నదాన్ని విప్పితేనే చెడుతుందని ఇంకొకాయన. ఎవరి మాట వినాలి?

చిత్తూరు సర్వీస్:
విప్పాల్సిందే తమ్ముడూ. ప్రతి కీ కింద రబ్బరు పట్టీలో రెండు కార్బన్ బొట్లు ఉంటాయి. కీ నొక్కితే ఒకటి ముందు, ఇంకొకటి వెనక బోర్డుకి తగులుతాయి. ఆ రెండింటి మధ్య గడిచిన సమయాన్ని బట్టే నువ్వు గట్టిగా కొట్టావా, మెల్లగా కొట్టావా అని మెషీన్ లెక్కేస్తుంది. మొదటిదాని మీద మురికి చేరితే అది ఆలస్యంగా తగులుతుంది, వ్యవధి తగ్గిపోతుంది, అందుకే ఆ అరుపు. రెండోది పట్టకపోతే అసలు సౌండే రాదు. పైపైన గుడ్డతో తుడిస్తే పోయే రోగం కాదిది. మన ఊళ్ళలో ఎండాకాలమంతా దుమ్ము, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల చెమ్మ. ఏడాదికోసారి శుభ్రం చేస్తే ఈ గొడవే ఉండదు.

హోమ్ స్టూడియో తిరుపతి:
అన్నా, రోగం మీరు చెప్పింది నిజమే. కానీ మందు ఆ రెండు కీలకే కదా? ‘ఏటా’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఈ రేంజ్ కీబోర్డ్‌లలో స్క్రూలు నేరుగా ప్లాస్టిక్‌లోకే దిగుతాయి. విప్పి బిగించిన ప్రతిసారీ ఆ మర కొంచెం అరుగుతుంది, తర్వాత పట్టు ఉండదు. లోపల పలచటి రిబ్బన్ కేబుల్స్ ఉంటాయి. వాటి లాక్ ఎత్తకుండా లాగితే కనెక్టర్ విరుగుతుంది, అప్పుడు రెండు కీలు కాదు, సగం కీబోర్డ్ మూగబోతుంది. సర్వీస్ చేయించాక కొత్త జబ్బుతో తిరిగొచ్చిన కీబోర్డ్‌లు చాలానే చూశాను. కంపెనీ మాన్యువల్ చదవండి, పైన మెత్తటి పొడిగుడ్డతోనో, కొంచెం తడిపిన గుడ్డతోనో తుడవమంటుంది, ఆల్కహాల్, థిన్నర్ వద్దంటుంది. పైన వినైల్, ప్లాస్టిక్ వస్తువులు పెడితే రంగు మారొచ్చని కూడా ఉంటుంది. మనవాళ్ళు మాత్రం కొన్నప్పటి పాలిథిన్ కవర్ ఏళ్ళ తరబడి తీయరు! పాత నూలు దుప్పటి కప్పండి చాలు, సగం దుమ్ము లోపలికే పోదు.

జాతర ఆర్కెస్ట్రా:
ఇంత చర్చ ఎందుకన్నా? నాబ్ సందులో డబ్ల్యూడీ-40 స్ప్రే ఒక్కసారి కొట్టు. గంగ జాతర సీజన్‌లో మేమంతా చేసేది అదే. గరగర క్షణంలో పోతుంది.

హోమ్ స్టూడియో తిరుపతి:
పోతుంది, మళ్ళీ వస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా. డబ్ల్యూడీ-40 అంటే నీటిని వెళ్ళగొట్టడానికి 1953లో తయారుచేసిన ద్రవం. అమెరికా అట్లాస్ క్షిపణుల పైతొడుగు తుప్పు పట్టకుండా వాడారు. అది నూనె పొర వదులుతుంది, ఆ పొరకి దుమ్ము అతుక్కుంటుంది. ఆ కంపెనీయే కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు తగిలే చోట్లు శుభ్రం చేసే స్ప్రే) వేరే డబ్బాలో అమ్ముతోంది, ఎందుకో ఆలోచించు. అసలు ముందు కరెంటు తీసేసి నాబ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి ఇరవై ముప్పై సార్లు తిప్పు. చాలాసార్లు దానితోనే సరిపోతుంది. ఫేడర్లకైతే (తిప్పకుండా జరిపే వాల్యూమ్ మీటలు) వాటికని చేసినదే వాడాలి. మామూలు క్లీనర్ లోపలి గ్రీజు కడిగేస్తుంది, తర్వాత ఫేడర్ గరుకుగా కదులుతుంది.

చిత్తూరు సర్వీస్:
డబ్ల్యూడీ సంగతిలో మీతో నాకు పేచీ లేదు. కానీ ‘చెడేదాకా ముట్టొద్దు’ అనేది పాత సింథ్‌లకి (సౌండ్లు మనమే మలుచుకునే సింథసైజర్ కీబోర్డ్‌లు) పనికిరాదు. రోలాండ్ డీ-50 1987ది, కోర్గ్ ఎం1 1988ది. వాటిలో మెమొరీని నిలబెట్టేది ఒక 3 వోల్టుల నాణెం బ్యాటరీ. అది అయిపోతే సౌండ్లన్నీ పోతాయి. ఎం1లో అయితే ఫ్యాక్టరీ సౌండ్లు కూడా మళ్ళీ ఎక్కించుకోవాల్సిందే. అందుకే ముందే మిడి కేబుల్‌తో (కీబోర్డ్‌ని కంప్యూటర్‌కి కలిపే వైరు) కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసుకుని బ్యాటరీ మార్చాలి. కోర్గ్ పాలీసిక్స్‌లో ఇంకా ఘోరం, బ్యాటరీ కారి బోర్డునే తినేస్తుంది. చెడేదాకా ఆగితే ఏం మిగులుతుంది?

హోమ్ స్టూడియో తిరుపతి:
దానికి ఒప్పుకుంటున్నా. పాతవాటికి బ్యాటరీ తనిఖీ తప్పదు. కానీ ఈ తమ్ముడిది పీఎస్ఆర్ కదా.

భవానీనగర్ భజన:
ఇప్పుడు పూజ మానేయమంటారా ఏంటి?

హోమ్ స్టూడియో తిరుపతి:
ఎవరన్నారు సార్? బొట్టు స్టాండ్‌కి పెట్టండి, అక్షింతలు కేసు మీద వేయండి. సరస్వతీదేవి ఏమీ అనుకోదు. సాంబ్రాణి వేసేటప్పుడు మాత్రం కండెన్సర్ మైక్‌ని పెట్టెలో పెట్టేయండి, లోపల సిలికా జెల్ పొట్లం వేయండి. ఆ పొగ డయాఫ్రమ్ (మైక్‌లో శబ్దానికి అదిరే పలచటి పొర) మీద పేరుకుంటే మన చేత్తో తుడిచేది కాదు.

కొర్లగుంట కీస్:
నాబ్ తిప్పీ తిప్పీ గరగర పోయింది. కీలు అలాగే ఉన్నాయి. ఆదివారం నేనే విప్పుదామనుకుంటున్నా. మెడికల్ షాపు స్పిరిట్ పనికొస్తుందా?

చిత్తూరు సర్వీస్:
వద్దు. అందులో నీళ్ళు, ఇంకేవేవో కలుస్తాయి. శానిటైజర్ అసలే వద్దు, గ్లిజరిన్ ఉంటుంది. లోపలి బోర్డుకి మొబైల్ రిపేర్ వాళ్ళ దగ్గర ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) దొరుకుతుంది, 99 శాతం అని రాసున్నది తీసుకో. నీది అడాప్టర్ మోడల్ అయితే భయం లేదు. కరెంటు వైరు నేరుగా లోపలికి వెళ్ళే మోడల్ అయితే ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, ఆ బోర్డు జోలికి పోకు. విప్పే ముందు ప్రతి దశకీ ఫోటో తీసుకో. బోర్డు మీది నల్లటి గీతల్ని ఐపీఏతో తడిపిన ఇయర్ బడ్‌తో సున్నితంగా అద్దు, రుద్దితే కార్బనే లేచిపోతుంది. రబ్బరు బొట్లని వేలితో తాకకు, వేలి జిడ్డు అంటుకుంటుంది. పట్టీని తిరిగి పెట్టేటప్పుడు దాని చిన్న కాళ్ళు అన్నీ రంధ్రాల్లోకి దిగాయో లేదో చూడు. ఒక్కటి పైకి లేచి ఉన్నా ఆ కీ తేడా కొడుతుంది. లోపల దుమ్ము ఎంతుందో ఒక ఫోటో ఇక్కడ పెట్టు, ‘ఏటా’ సంగతి అప్పుడు తేల్చుకుందాం.

హోమ్ స్టూడియో తిరుపతి:
పెట్టమనండి. ఆ కీబోర్డ్ ఇన్నేళ్ళూ ఏ కవర్ కింద ఉందో కూడా రాయమనండి.