గట్టు మీద ఉమ్మడి కంచె పడిపోతే ఖర్చు ఎవరిది?

బత్తాయి రైతు, నల్గొండ జిల్లా
మా తోటకూ పక్కనున్న మెట్ట చెల్కకూ మధ్య గట్టు మీద కంచె ఉంది. మా నాన్న, పక్క పొలం పెద్దాయన కలిసి వేయించారు. పాతిన రాతి కడీలు ఆయనవి, ముళ్ల తీగ, కూలి మావి. కాగితం ఏమీ లేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం, చెల్క పడావు పడింది. గట్టు పొడవునా సర్కారు తుమ్మ పెరిగి తీగను లాగేసింది, సగం కడీలు ఒరిగాయి. ఊరి మేకలు దూరి కొత్తగా పెట్టిన మొక్కలను కొరికేస్తున్నాయి. బాగుచేయించడానికి సగం ఖర్చు పెట్టమని ఫోను చేస్తే, "నా చెల్కలో రాళ్లు తప్ప ఏమున్నాయన్నా, నాకు కంచె ఎందుకు?" అన్నాడు. ఉమ్మడి కంచె అన్నాక సగం అతనిది కాదా?

పాలమూరు చెల్క
కాదు. కాపాడుకోవలసిన పంట మీది, తినేవి ఊరి మేకలు. మధ్యలో అతను ఎవరు? తోట మీద ఆదాయం వచ్చిన ఏడు అతనికి సగం పంపారా? పడావు భూమి నుంచి రూపాయి రాని మనిషిని తీగకు డబ్బు అడగడం నాకైతే సబబుగా లేదు. ఇద్దరి తండ్రులు కలిసి వేయించారంటే, అప్పుడు ఇద్దరికీ పంట ఉండి ఉంటుంది.

మిర్యాలగూడ వరి
మరి తుమ్మ ఎవరి భూమిలో పెరిగింది? పడావు పెట్టుకోవడం అతని ఇష్టం. ఆ పడావులో మొలిచింది గట్టెక్కి పక్కవాడి తీగను తెంపకుండా చూడటం అతని పని. సగం కాదు, మొత్తం అతనే పెట్టాలంటాను.

మా సాగర్ ఎడమ కాలువ కింద కంచెలు ఉండవు, గట్లే. పంచాయితీ మాత్రం ఉంటుంది. నాటుకు ముందు ఎవరి వైపు వారు పారతో గట్టు చెక్కుకోవాలి. ఒకడు తన వైపు లోతుగా చెక్కి, మట్టిని అవతలి వైపు మెత్తుతాడు. చూడటానికి గట్టు శుభ్రంగా, నునుపుగా ఉంటుంది. నాలుగు నాట్లు తిరిగేసరికి జానెడు పక్కకు నడిచి ఉంటుంది. అడిగితే "నేను గట్టు బాగుచేశాను, నువ్వు చేతులు కట్టుకుని కూర్చున్నావు" అని ఎదురు మాట. బాగుచేసే బాధ్యతను ఒక్కడికే వదిలేస్తే జరిగేది ఇదే. అందుకే దూరంగా ఉన్నా అతను కలగజేసుకోవాలి.

పాలమూరు చెల్క
తుమ్మను అతను నాటలేదు. మేకలు కాయలు తిని, పెంటికల్లో గింజలు వదిలి పోతాయి. విత్తనం మేకలది, భూమి అతనిది, పేరు సర్కారుది. ముగ్గురిలో ఎవరికి నోటీసు ఇప్పిస్తారు?

దేవరకొండ నుంచి మెల్‌బోర్న్
మేముండే విక్టోరియా రాష్ట్రంలో 1968 నాటి కంచెల చట్టం ఉంది. సరిపడేంత కంచెకు ఇరుగుపొరుగు చెరిసగం పెట్టుకోవాలి. అంతకన్నా ఎత్తుగా, ఖరీదుగా కావాలన్నవారు ఆ తేడా భరించాలి. మన దగ్గర ఇలాంటిది ఎందుకు లేదు?

రిటైర్డ్ సర్వేయర్
లేదు నిజమే. పక్క రైతు చేత పొలం కంచె ఖర్చులో సగం పెట్టించే చట్టం మనకు లేదు. ఒప్పందం ఉంటే అది వేరు. మీ ఇద్దరి తండ్రుల మధ్య ఉన్నది మాట. ఆ మాట కొడుకును కట్టిపడేస్తుందని పెద్దమనుషులు అనవచ్చు, కోర్టులో నిలబెట్టడం కష్టం.

అయితే మీరంతా ఖర్చు దగ్గరే ఆగిపోయారు. కంచె వేరు, హద్దు వేరు. హద్దు టిప్పన్‌లో, అంటే సర్వే కొలతల పటంలో ఉంటుంది, హద్దురాళ్ల మధ్య ఉంటుంది. కడీ గుంతకు బండ తగిలితే కూలీలు రెండడుగులు పక్కన తవ్వుతారు, అది ఎవరికీ గుర్తుండదు. లెక్క చూడండి. 33 అడుగుల చదరం ఒక గుంట. 330 అడుగుల గట్టు మీద కంచె ఒక అడుగు జరిగితే పోయేది గుంటలో మూడో వంతు కూడా కాదు. ఆ మూడో వంతు కోసం అన్నదమ్ములు తలలు పగలగొట్టుకోవడం ఉద్యోగంలో ఉన్నంతకాలం చూశాను. అందుకని తీగ కొనే ముందు మీసేవలో దరఖాస్తు పెట్టి కొలిపించండి. కొలత రోజు ఆ అబ్బాయి తప్పక ఉండాలి. అతను లేనప్పుడు పాతిన రాయిని అతను ఒప్పుకోడు. సర్కారు పాతిన హద్దురాయిని జరిపితే మాత్రం నేరమే, పాత శిక్షాస్మృతిలో 434వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉండేది, ఇప్పటి న్యాయ సంహితలోనూ ఆ నేరం ఉంది.

అతని భయం డబ్బు గురించి కాకపోవచ్చు. పన్నెండేళ్లు గడిచాక "కంచె దాకా నాదే" అంటారేమోనని ఉండవచ్చు. యజమాని అడ్డుచెప్పకుండా పన్నెండేళ్లు ఆక్రమణలో ఉంటే భూమి దక్కవచ్చన్న 1963 కాలపరిమితి చట్టం సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఇద్దరూ ఒప్పుకుని వేసిన కంచెతో అవతలి భూమి మీద హక్కు పుట్టదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఈ కంచె కాపలాకే, హద్దుకు గుర్తు కాదని రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఖర్చుకు నా తీర్పు: తీగ, కూలి మీవి. తుమ్మ తీయించడం అతనిది.

మిర్యాలగూడ వరి
నరికిస్తే చాలదు సార్, వేళ్లతో తవ్వించాలి. లేకపోతే మొదటి వానకే చిగురిస్తుంది. జేసీబీ ఖర్చు అతనిదేనని ఆ కాగితంలోనే రాయించండి.

సూర్యాపేట
అడవి పందులు కూడా ఉంటే తీగకు రాత్రిపూట కరెంటు ఇస్తే సరిపోతుంది కదా?

రిటైర్డ్ సర్వేయర్
ఆ మాట ఇక్కడ రాయవద్దు. చీకట్లో నీళ్లు కట్టడానికి వచ్చే పక్క రైతే దాని మీద పడతాడు. మనిషి చచ్చాక, పందిని కొడదామనుకున్నాను అంటే కేసు ఆగదు. కావాలంటే ఆగి ఆగి చిన్న షాకు మాత్రమే ఇచ్చే సోలార్ కంచెలు దొరుకుతాయి, అవి కొనుక్కోండి.

బత్తాయి రైతు, నల్గొండ జిల్లా
అతనితో మాట్లాడాను. కాపలా కంచె అని రాసిస్తానన్నాక గొంతు మారింది, కొలతకు వస్తానన్నాడు. తుమ్మ సంగతి అప్పుడు చూద్దామన్నాడు. కాని ఒరిగిన కడీలు వాళ్ల నాన్నవి కాబట్టి తీసుకుపోతానంటున్నాడు. అలా కుదురుతుందా?

పాలమూరు చెల్క
కుదురుతుంది, అవి అతనివే. అయితే పాత రాతి కడీలను హైదరాబాద్ తీసుకెళ్లి ఏం చేసుకుంటాడు? ఒక్కో కడీకి ధర కట్టి మీరే కొనండి. ఆ చీటీ కూడా కంచె కాగితంతో పాటే ఉంచండి.