ప్యూపా నుంచి బయటికొచ్చిన సీతాకోకచిలుక ఎన్ని రోజులు బతుకుతుంది?

పూలతీగ: నిమ్మ మొక్క మీది గొంగళిపురుగులను వల గూడులో పెట్టి పెంచుతున్నాను. ఒకటి ఈ పొద్దున ప్యూపా చీల్చుకుని బయటికొచ్చింది, ఇంకో రెండు ప్యూపాలు ఉన్నాయి. సీతాకోకచిలుక ఒక్కరోజే బతుకుతుందని ఒకచోట, ఏడాది బతుకుతుందని ఇంకోచోట చదివాను. ఏది నిజం? చక్కెర నీళ్లు పెట్టి లోపలే ఉంచితే ఎక్కువకాలం బతుకుతుందా?

ఆకుచాటు: ఒక్కరోజు అన్నది తప్పండి. అది మేఫ్లై అనే వేరే కీటకం సంగతి. సీతాకోకల్లో చాలా రకాలు రెక్కలొచ్చాక రెండు నుంచి నాలుగు వారాలు బతుకుతాయి. చిన్న నీలి రకాలకు తరచూ వారం అటూఇటూ. మీ నిమ్మ సీతాకోకకు ఒకటి రెండు వారాలు అనుకోండి. ఇది ప్రౌఢ దశ లెక్క మాత్రమే, గుడ్డు, గొంగళి, ప్యూపా రోజులు ఇందులో కలపలేదు. చాలాచోట్ల ఈ రెండు లెక్కలూ కలిపేసి రాస్తారు, గందరగోళం సగం అక్కడిదే.

రెక్కలబడి: ఏడాది అన్నమాట కూడా గాలికి పుట్టింది కాదు. యూరప్‌లో ఉండే బ్రిమ్‌స్టోన్ అనే పసుపు సీతాకోక వేసవిలో ప్యూపా వదిలి, చలికాలమంతా దట్టమైన ఆకుల మధ్య కదలకుండా గడిపి, మరుసటి వసంతంలో జతకట్టి గుడ్లు పెడుతుంది. దాని ప్రౌఢ జీవితం పది పన్నెండు నెలలకు చేరుతుంది. మోర్నింగ్ క్లోక్ రకం కూడా అంతే.

ఈ విషయం బాగా అర్థం కావాలంటే మోనార్క్ అనే సీతాకోకను చూడాలి. ఉత్తర అమెరికాలో వేసవి తరాలు రెండు నుంచి ఆరు వారాల్లో ముగిసిపోతాయి. వేసవి చివర పుట్టిన తరం మాత్రం మెక్సికో కొండల్లోని ఓయమెల్ ఫర్ అడవులకు ఎగిరి వెళ్లి, ఎనిమిది నెలల దాకా బతుకుతుంది. జాతి ఒకటే. పగటి పొద్దు తగ్గి, రాత్రులు చల్లబడేసరికి ఒంట్లో గుడ్లను ఎదిగించే జువెనైల్ హార్మోన్ తగ్గుతుంది, అండాశయాలు ఎదగవు, తిన్నది కొవ్వుగా నిలవ ఉంటుంది. సంతానం పని వాయిదా పడుతుంది, దాంతోపాటే ముసలితనమూ. అందుకే ఏ సీతాకోక గురించైనా "ఎన్ని రోజులు" అని అడిగే ముందు "ఇది వెంటనే జతకట్టే తరమా, ఆగే తరమా" అని అడగాలి. మీది వెంటనే జతకట్టే తరమైతే దానికి తొందర ఉంది, గూట్లో గడిచే ప్రతి పూటా దానికి నష్టమే.

తిండి సంగతి కూడా చూడండి. మకరందంలో దాదాపు అంతా నీళ్లూ చక్కెరే, మాంసకృత్తులు దాదాపు ఉండవు. గుడ్లకు కావలసిన మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం గొంగళిగా ఉన్నప్పుడు తిన్న ఆకుల నుంచే వస్తుంది. దక్షిణ, మధ్య అమెరికాల హెలికోనియస్ సీతాకోకలు దీనికి మినహాయింపు. అవి పుప్పొడిని తొండం మీద ముద్దగా పట్టుకుని, ద్రవంతో తడిపి, గంటల తరబడి నానబెట్టి, అందులోని అమైనో ఆమ్లాలు (మాంసకృత్తుల ముడిసరుకు) పీల్చుకుంటాయి. ఆరు నెలల దాకా బతికేవి అందుకే. మిగతావాటికి ఆ దారి లేదు. కాబట్టి సీతాకోక ఎక్కువకాలం బతకాలంటే గొంగళికి చివరి రోజుల్లో తాజా ఆకు తెంపు లేకుండా అందాలి. ఆకు తక్కువైతే చిన్న సీతాకోక వస్తుంది, నిలవలూ తక్కువే.

పూలతీగ: మరి ఇప్పుడు ఏం చెయ్యాలి? చక్కెర నీళ్లు ఎంత చిక్కగా ఉండాలి?

ఆకుచాటు: మొదటి రోజు తిండి అక్కర్లేదు. రెక్కలు పూర్తిగా ఆరి గట్టిపడ్డాక, ఎండ కాస్తుంటే మధ్యాహ్నం లోపే వదిలేయండి. ఎగరడానికి ఒళ్లు దాదాపు 30 డిగ్రీలకు వేడెక్కాలి, సాయంత్రం వదిలితే ఎక్కడో కూలబడి చీమల పాలవుతుంది. వానే పడుతుంటే ఒకటి రెండు రోజులు ఉంచుకోవచ్చు.

ద్రావణానికి 10 గ్రాముల చక్కెర, 90 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లు. అంతకు బాగా చిక్కగా కలిపితే ఆరి బంకలా తొండానికి, కాళ్లకు అంటుకుంటుంది. గిన్నెలో పోయకండి, మునిగిపోతుంది. దూది తడిపి పళ్లెంలో పెట్టండి, రోజూ మార్చండి, లేకపోతే పులిసి బూజు పడుతుంది. రుచి తెలిసేది కాళ్లతో కాబట్టి ముందు కాళ్లు దూదికి తగిలేలా నిలబెట్టండి. అయినా తొండం చాచకపోతే మొండి సూదిని చుట్టుకుని ఉన్న తొండం మధ్యలోకి దూర్చి నెమ్మదిగా విప్పి దూది మీద ఆనించండి. నిమ్మ సీతాకోక జాతివాళ్లు తింటూ కూడా రెక్కలాడిస్తారు, పళ్లెం దగ్గరికి వాటంతట అవి రావు. రోజుకు రెండు పూటలా ఇలాగే తినిపించాలి.

రెక్కలబడి: పై జవాబుకు ఒక్క మాట కలుపుతాను. గూట్లో పక్షులు, సాలీళ్ల భయం ఉండదు కాబట్టి రోజుల లెక్కలో కాస్త ఎక్కువే బతకవచ్చు. కానీ వలకు కొట్టుకుని పొలుసులు రాలతాయి, అంచులు చిరుగుతాయి. చిరిగిన రెక్క మళ్లీ అతుక్కోదు. ఫ్రిజ్‌లో పెట్టి ఆయుష్షు పెంచాలని చూడకండి. చలిలో అది తినలేదు, వేడి నేలల రకాలు తట్టుకోలేవు.

బయటి లెక్కల గురించి కూడా చెప్పాలి. రెక్కల మీద గుర్తు పెట్టి వదిలి, మళ్లీ ఎన్ని దొరికాయో చూసి ఆయువు లెక్కగడతారు. వేరేచోటికి ఎగిరిపోయినవి కూడా ఆ లెక్కలో చచ్చినట్టే పడతాయి. అందువల్ల "సగటు ఆరు రోజులు" లాంటి అంకె కనపడితే అదే దాని గరిష్ఠ ఆయువు అనుకోవద్దు.

పూలతీగ: ఇందాక చూస్తే ఒక రెక్క కొస ముడుచుకునే ఉంది. మిగతా రెండు ప్యూపాలకు ఇలా కాకూడదంటే?

ఆకుచాటు: బయటికొచ్చిన వెంటనే రెక్కల్లోకి ద్రవం పంపి విప్పుకోవాలి, దానికి వేలాడే చోటు కావాలి. కింద రెక్క పొడవుకు రెండింతలైనా ఖాళీ ఉంచండి. గోడ నున్నగా ఉంటే జారిపడుతుంది, గరుకు కర్రో గుడ్డో పెట్టండి. పడితే వేళ్లతో పట్టుకోకండి, కర్ర కాళ్లకు అందించి నిలువుగా ఎక్కించండి. గంటా రెండు గంటలు దాటితే ముడత అలాగే గట్టిపడుతుంది, ఇక సాగదు. రాలే ఎర్రటి లేదా గోధుమ రంగు ద్రవం రక్తం కాదు, ప్యూపా దశలో పోగైన వ్యర్థం. తొండం అప్పుడు రెండు పాయలుగా ఉంటుంది, జిప్పులా కలుపుకునే దాకా కదిలించొద్దు. మీ దాని కొస మాత్రమే ముడిచి ఉంటే ఎగరగలదేమో గది లోపల చూడండి. ఎగరలేనిదైతే పై పద్ధతిలో తినిపిస్తూ ఉంచుకోండి.

రెక్కలబడి: ప్యూపా తొడుగు పలచబడి లోపలి రెక్కల రంగు కనపడితే ఒక రోజులో వస్తుంది, తాకకండి. మొత్తం నల్లబడి మెత్తగా, నీరు కారుతుంటే చచ్చినట్టే, విడిగా తీసేయండి. చిన్న గుండ్రని చిల్లు ఉంటే పరాన్నజీవి కందిరీగ తినేసి బయటికొచ్చింది. నడుముకున్న పట్టుదారం తెగి ఊడిన ప్యూపా అయితే, తల పైకి ఉండేలా గరుకు గుడ్డకు ఏటవాలుగా ఆనించి, తోకకొనను ఒక చుక్క జిగురుతో అంటించండి. జిగురు రెక్కల భాగానికి తగలకూడదు.