కోలారు గనుల శిథిలాలు: ప్రతిసారీ అదే కోణం దొరకబుచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: 2001 ఫిబ్రవరి 28న మూతపడిన కోలారు బంగారు గనుల ప్రాంతానికి వీలైనప్పుడల్లా వెళ్లి, రోడ్డు మీది నుంచి కనిపించే ఒక గని ఇనుప గోపురాన్ని, దాని ముందున్న రాతి యంత్రశాలను ఫొటో తీస్తున్నాను. ఫోన్‌లో జీపీఎస్ గుర్తు పెట్టుకున్నా, పాత ఫొటో పక్కన కొత్తది పెట్టి చూస్తే గోపురం జరిగినట్టు కనిపిస్తోంది. ఏళ్ల తరబడి వచ్చిన మార్పును నమ్మకంగా చూపాలంటే ఏం చేయాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం: ఫోన్ జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా మామూలే కాబట్టి అది మిమ్మల్ని ఆ దరిదాపులకు చేర్చగలదు, అంతే. పాత ఫొటోను ప్రింటు తీయించి వెంట తీసుకెళ్లండి. అందులో దగ్గరిదొకటి, దూరపుదొకటి, రెండు నిలువు అంచులను ఎంచుకోండి. ఉదాహరణకు యంత్రశాల మూల, దానికి కుడిపక్కగా వెనక కనిపించే గోపురం కాలు. వాటి మధ్య ఖాళీ ప్రింటులో కన్నా ఎక్కువగా ఉంటే మీరు కుడికి ఎక్కువ జరిగినట్టు, తక్కువగా ఉంటే ఎడమకు జరిగినట్టు. ఫ్రేములో రెండో పక్కన కూడా ఇలాంటి జత ఒకటి చూసుకుని, రెండు ఖాళీలూ ఒకేసారి సరిపోయే వరకు ముందుకూ వెనక్కూ కదలండి. ఈ తేడాను జూమ్‌తో సరిదిద్దలేరు, ఎందుకంటే జూమ్ బొమ్మను పెద్దది చేస్తుందే గాని వస్తువుల పరస్పర స్థానాలను మార్చదు. గుర్తులకు రాతి మూలలే మేలు. రేకులు, కిటికీ చట్రాలు ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం. ట్రైపాడ్ ఎత్తు, ఫోకల్ లెంగ్త్ ప్రింటు వెనకే రాసిపెట్టుకోండి.

వెలుతురు సంగతి కూడా చూడాలి. అక్కడ సూర్యుడు ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతాల్లో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి మధ్య కాలంలో మధ్యాహ్నపు ఎండ ఉత్తరపు గోడ మీద పడుతుంది, మిగతా ఏడాదంతా దక్షిణపు గోడ మీద. కాబట్టి మేలో తీసినదాన్ని డిసెంబరులో తీసినదానితో పోలిస్తే, గోడ నలుపెక్కిందో నీడలో ఉందో తేల్చలేరు. జూన్ 21కి అటూ ఇటూ సమాన దూరంలో ఉన్న తేదీల్లో ఎండ కోణం దాదాపు ఒకటే, అయితే ఆగస్టులో మబ్బు పట్టకపోతేనే ఆ లెక్క పనికొస్తుంది.

మరొకరి చేర్పు: పై సలహాతో ఏకీభవిస్తూ ఒక జాగ్రత్త చెబుతాను. అక్కడి సైనైడ్ దిబ్బలు బంగారం తీసేశాక మిగిలిన మెత్తటి రాతిపొడి. ఎండాకాలపు గాలికి అది లేస్తుంది గనుక అక్కడ లెన్సు మార్చకండి, ముక్కుకు మాస్కు పెట్టుకోండి, మంచి కోణం కోసమని దిబ్బలెక్కకండి. గనులు మూతపడ్డాయి గాని స్థలానికి యజమాని లేకుండా పోలేదు. ఆవరణలోకి వెళ్లాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అది దొరక్కపోతే రోడ్డు మీది కోణానికే కట్టుబడండి.