కూలెంటు "నింపడం" అనవచ్చునా?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. అమెరికాలో ఉంటున్న మేము ఇంజిన్ వెనుక ఉండే డీజిల్ మోటారుహోం (ఇల్లులా నివసించే వీలున్న పెద్ద బండి) ఒకటి తీసుకున్నాము. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మా నాన్నగారు వేసవిలో మాతో ప్రయాణం చేయబోతున్నారు గనుక, బయలుదేరే ముందు చూడవలసినవన్నీ ఆయన కోసం తెలుగులో ఒక కాగితం మీద రాస్తున్నాను. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంటు గురించి "కూలెంటు చూసి, తక్కువగా ఉంటే నింపండి" అని రాస్తే సరిపోతుందా? "నింపండి" దగ్గర ఏదో పొసగలేదనిపిస్తున్నది.

సమాధానం:

మీ అనుమానం సరైనదే. నింపమంటే అంచుదాకా పోయమనే అర్థం వస్తుంది. కూలెంటు తొట్టిని అలా నింపకూడదు. ఇంజిన్ వేడెక్కేకొద్దీ కూలెంటు వ్యాకోచిస్తుంది గనుక ఆ పెరుగుదలకు తొట్టిలో చోటు ఉండి తీరాలి. లేకపోతే ఎక్కువైనది మూతను దాటి బయటికి పోతుంది, మరునాడు మట్టం తగ్గి కనిపిస్తే లేని లీకు కోసం వెతుకుతాము.

మనకు తరుగు, వెలితి అని రెండు చక్కని మాటలున్నాయి. ధాన్యం కొనే చోట తేమ పేరుతోనో తాలు పేరుతోనో బస్తాకు ఇంతని కోసేది తరుగు; అంటే ఉన్నదానిలోంచి పోయిన భాగం. వెలితి పోయినదాన్ని గురించి చెప్పదు, పాత్ర ఎంత ఖాళీగా ఉన్నదో చెబుతుంది. ఇప్పుడు మనం ఆ మాటను ఎక్కువగా మనసు విషయంలోనే వాడుతున్నాము గానీ, కుండకూ బిందెకూ చెప్పే వెలితి ఇంకా పల్లెల్లో వినిపిస్తుంది. కూలెంటు తొట్టిలో పై గీతకు మీద ఉన్నది వెలితి, అది ఉండవలసిందే. కింది గీత కన్నా దిగితే అది తరుగు, దాన్ని పూడ్చాలి. కాబట్టి "తరిగినంత పోయండి" అని రాయండి. లోటు అనే మాట జమాఖర్చులకు నప్పినట్లు ఇక్కడ నప్పదు.

అంతకన్నా ముఖ్యమైనది "చల్లారాక" అన్న మాట. "ఇంజిన్ ఆపాక" అని రాస్తే ప్రమాదం, ఎందుకంటే ఆపిన ఇంజిన్ చాలాసేపు వేడిగానే ఉంటుంది. సగం నీరు, సగం ఎథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంటు మామూలు ఒత్తిడిలో సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడిని ఆపే మూత కింద సుమారు 129 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. అంత వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, అప్పటిదాకా నిమ్మళంగా ఉన్న ద్రవం మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. వేడి మీద మూత తీయవద్దని చెప్పే తెలుగు వాక్యంలో "తీయకండి" చివర వస్తుంది గనుక, ఈ షరతును మూత అనే మాటకన్నా ముందే చెప్పాలి.

మరొక సభ్యుని ప్రశ్న:

డ్రైవర్లందరూ "నీళ్లు చూశావా" అనే అంటారు కదా, ఆ మాటే ఎందుకు రాయకూడదు? లేదా "శీతలకం" అనవచ్చును కదా?

సమాధానం:

మాట్లాడేటప్పుడు నీళ్లు అంటే తప్పులేదు, కాగితం మీద మాత్రం వద్దు. నీళ్లని రాస్తే కుళాయి నీళ్లు పోసే వీలుంటుంది. వాటిలోని లవణాలు లోపల పొలుసు కడతాయి, గ్లైకాల్ పలచబడి చలికి గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. సగం సగం మిశ్రమం సుమారు సున్నాకు 37 డిగ్రీల దిగువ దాకా గడ్డకట్టదు. నీరు కలపని గ్లైకాల్ మేలేమో అనుకోకూడదు, అది సున్నాకు 13 డిగ్రీల దిగువనే గడ్డకడుతుంది. వెట్ లైనర్లు (బయటి వైపు కూలెంటు నేరుగా తగిలే సిలిండరు తొడుగులు) ఉన్న పెద్ద డీజిల్ ఇంజిన్లలో లైనర్ల అదురుకు బుడగలు పుట్టి పగిలి లోహాన్ని గుంటలు పెడతాయి. దాన్ని ఆపే రసాయనాలు కూలెంటులో ఉంటాయి, నీళ్లలో ఉండవు. ఎర్రది, పచ్చది అని రంగు పేరు కూడా రాయవద్దు, ఎందుకంటే కంపెనీకొక రంగు. ఇంజిన్ పుస్తకంలో చెప్పిన రకం పేరే రాయాలి. శీతలకం అనువైన మాటే కావచ్చు గానీ, డబ్బా మీద కూలెంటు అనే ఉంటుంది. పెద్దాయన చేతిలోని డబ్బాకూ కాగితానికీ పొంతన కుదరడమే ముఖ్యం.

నా సూచన ఇది: "బండిని చదునైన నేల మీద నిలపండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, వెనుక తలుపు తెరిచి, తొట్టి మీది గాజులోంచి మట్టం చూడండి. కింది గీతకు దిగితేనే మూత మెల్లగా తీసి, అదే రకం కూలెంటు, రెండు గీతల మధ్యకు వచ్చేదాకా, తరిగినంత పోయండి. కారినది వెంటనే తుడవండి. అది తియ్యగా ఉండే విషం, పిల్లలూ కుక్కలూ నాకరాదు. మాటిమాటికీ తరుగుతుంటే పోస్తూ పోకుండా లీకు వెతకండి. ముందున్న హీటరు దాకా గొట్టాలు బండి పొడవునా ఉన్నాయి." దీని కింద, పోసిన తేదీ, పోసినది ఎంతో రాసుకోవడానికి రెండు గడులు గీయండి.