క్యాజువాలిటీ డ్యూటీ చేస్తూనే రీసెర్చ్ చేయడం అవుతుందా?

నైట్‌డ్యూటీ పీజీ:
నేను ఎండీ ఎమర్జెన్సీ మెడిసిన్ ఫైనలియర్, థీసిస్ ఇచ్చేశా. నాకు ఆ డేటా ముందు కూర్చోవడం బాగా నచ్చింది, ఇంకా చేయాలనుంది. డిపార్ట్‌మెంట్‌లో అడిగితే "అవన్నీ కార్డియాలజీ, ఆంకాలజీ వాళ్లకి, మన దగ్గర పేషెంట్ ఉండేదే రెండు మూడు గంటలు, స్టెబిలైజ్ చేసి పైకి పంపేస్తాం, మనకేం రీసెర్చ్" అంటున్నారు. నిజంగా అంతేనా? క్యాజువాలిటీలో ఉంటూనే జీవితమంతా రీసెర్చ్ చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్లు ఎక్కడ మొదలుపెట్టారు?

గోదారిగట్టు డాక్టర్:
ఎందుకు లేరు తమ్ముడూ. కెనడాలో ఒటావాలో ఇయన్ స్టీల్ అని ఉన్నారు, ఎమర్జెన్సీ డాక్టరే. ఆయన పట్టుకున్న ప్రశ్న ఏంటో తెలుసా, కాలు మడతపడి వచ్చినోళ్లందరికీ ఎక్స్‌రే తీయాలా అని! తీసినవాళ్లలో చాలామందికి ఎముక విరిగి ఉండదు, ఇది మనందరం రోజూ చూసేదే కానీ ఆయన కూర్చుని లెక్కపెట్టారు. 750 మందిని పరీక్ష చేసి 1992లో మొదటి రూల్ రాశారు, తర్వాత సరిదిద్దాక అది ఇలా ఉంది. మాలియోలస్ (చీలమండ పక్కన పొడుచుకొచ్చే ఎముక) వెనక అంచు కింది 6 సెంటీమీటర్లలో గానీ కొసన గానీ నొక్కితే ఎముక మీద నొప్పి ఉందా, దెబ్బ తగిలిన వెంటనే గానీ మన దగ్గరికొచ్చాక గానీ నాలుగు అడుగులు వేయగలిగాడా, అంతే. నొప్పి లేక, నడవగలిగితే చీలమండకి ఎక్స్‌రే అక్కర్లేదు. మనం పరీక్షల కోసం బట్టీపట్టే ఒటావా యాంకిల్ రూల్స్ అవే.

నాకు నచ్చేది ఆ తర్వాత చేసింది. అక్కడితో వదిలేయలేదు, 1993లో కొత్త పేషెంట్ల మీద మళ్లీ సరిచూశారు, 1994లో ఒక హాస్పిటల్లో రూల్ వాడించి ఇంకో హాస్పిటల్‌తో పోల్చారు. వాడినచోట ఎక్స్‌రేలు 28 శాతం తగ్గాయి, రెండోచోట 2 శాతం పెరిగాయి. ఇదే పద్ధతిలో 2001లో తలకి దెబ్బ తగిలితే సీటీ ఎవరికి అనేది 3121 మంది మీద, మెడ ఎక్స్‌రే ఎవరికి అనేది 8924 మంది మీద తేల్చారు.

ఇక రెండు గంటల్లో పేషెంట్ వెళ్లిపోతాడనే మాట. ఆ మెడ స్టడీలో ఎక్స్‌రే తీయకుండా పంపినవాళ్లకి 14 రోజులకి ఫోన్ చేసి అడిగేలా ముందే ప్లాన్ పెట్టుకున్నారు. కాబట్టి అది సాకు మాత్రమే.

పల్స్ చెక్:
అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఆయన టీమే ఒంటారియోలో ఓపాల్స్ అని చాలా పెద్ద స్టడీ చేసింది, హాస్పిటల్ బయట గుండె ఆగినవాళ్ల మీద. గుండెకి కరెంట్ షాక్ త్వరగా ఇచ్చే ఏర్పాటు అప్పటికే ఉన్న ఊళ్లలో అంబులెన్స్ వాళ్లకి ఊపిరికి గొంతులో ట్యూబ్ వేయడం, ఐవీ (నరంలోకి) మందులివ్వడం కూడా నేర్పించారు, ఎంతో ఖర్చు, ఎంతో ట్రైనింగ్. 2004లో రిజల్ట్ వస్తే బతికి ఇంటికెళ్లినవాళ్లు 5.0 నుంచి 5.1 శాతం, అంటే పెరగనట్టే. పక్కనున్నవాళ్లు వెంటనే సీపీఆర్ చేయడం, త్వరగా షాక్ అందడం, ప్రాణం నిలిపేది ఇవే అని తేలింది. అన్నేళ్ల కష్టం తర్వాత "లాభం లేదు" అని ఉన్నదున్నట్టు రాశారు చూడండి, రీసెర్చర్‌గా ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

జిల్లా ఆస్పత్రి:
మన దగ్గర ఎండీ ఎమర్జెన్సీకి ఎంసీఐ (అప్పటి మెడికల్ కౌన్సిల్) గుర్తింపు వచ్చిందే 2009లో, సీనియర్లకి ఈ అలవాటు లేదంటే వాళ్లని తప్పుపట్టలేం. ప్రశ్నలకి మాత్రం కరువు లేదు బ్రదర్, పురుగుమందు తాగి వచ్చేవాళ్లు, గడ్డిమందు కేసులు, పాముకాట్లు. శ్రీలంకలో మైకేల్ ఎడిల్‌స్టన్ వాళ్లు (ఆయన టాక్సికాలజిస్ట్, అంటే విషాల నిపుణుడు లెండి) విషం తాగినవాళ్లకి బొగ్గుపొడి ఇస్తే చావులు తగ్గుతాయా అని 4632 మందితో ట్రయల్ చేశారు, మామూలు ఆస్పత్రుల్లోనే. తగ్గలేదని 2008లో లాన్సెట్ జర్నల్‌లో వచ్చింది. మన వార్డులాంటి వార్డుల నుంచి వచ్చిన జవాబు అది, మన పల్లెల పేషెంట్లకి పనికొచ్చే జవాబు. ఇబ్బందల్లా టైమే, రీసెర్చ్‌కని డ్యూటీ ఎవరూ తగ్గించరు. అందుకే ఒంటరిగా వద్దు, పక్క జిల్లాలో ఇద్దరు ముగ్గురు పీజీ ఫ్రెండ్స్‌ని కలుపుకో, స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లని మొదట్లోనే పట్టుకో, డేటా అంతా తీశాక కాదు.

నైట్‌డ్యూటీ పీజీ:
థాంక్యూ అన్నా, అందరికీ. గడ్డిమందు తాగినవాళ్లలో చాలామంది మొదటి రోజు మామూలుగా మాట్లాడుతూ ఉంటారు, ఇంటివాళ్లు బాగున్నాడని తీసుకెళ్లిపోతామంటారు, ఎవరు తర్వాత దిగజారతారో వచ్చిన గంటలోనే బెడ్‌సైడ్ చెప్పగలమా అన్నది నన్ను ఎప్పట్నుంచో తొలిచేస్తోంది. ఇది పట్టుకోవచ్చా?

గోదారిగట్టు డాక్టర్:
తప్పకుండా పట్టుకో. ముందు ఇప్పటిదాకా దీనిమీద వచ్చిన పేపర్లు చదువు, ఎంత టైమ్‌కి వచ్చారు, ఎంత తాగారు, యూరిన్ టెస్ట్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), ఏవేవి రాసుకోవాలో ఒక్క పేజీలో పెట్టు. ఎథిక్స్ కమిటీ అప్రూవల్ వచ్చాకే మొదటి పేషెంట్. ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు రెండు తీసుకో, ఒకటి స్విచాఫ్ అవుతుంది. ఆ ఒక్క పేజీ ప్రొఫార్మా రాశాక ఇక్కడ పెట్టు, చూస్తాం.