వనభోజనం 2నా, 9నా? బరంపురంలో తేలని లెక్క

పెద్దబజారు:
ఈ ఏడు (2025) కార్తీకం అక్టోబర్ 22న మొదలై నవంబర్ 20 అమావాస్యతో పోతుంది. పున్నమి 5న. ఆదివారాలు నాలుగే: అక్టోబర్ 26, నవంబర్ 2, 9, 16. వనభోజనానికి నా ఓటు 9కి, కొండల్లో వేడినీటి బుగ్గ ఉన్న తప్తపాణిలో. వాన భయం తగ్గుతుంది. ఎవరికైనా అభ్యంతరమా?

గంజాం_కోడలు:
నాకుందండీ. ఒడియావాళ్లకి నెల పున్నమి నుంచి పున్నమికి, మనకి అమావాస్య నుంచి అమావాస్యకి. కాబట్టి 5తో వాళ్ల కార్తీకం సరి. ఆ తరవాత ఛడఖై, నెల్లాళ్ల పథ్యం వదిలి చేపకీ మాంసానికీ బజారంతా బారులు. 9న తప్తపాణి వెళ్తే పక్క పొయ్యి మీద మటన్ ఉడుకుతుంటుంది. ఉసిరి చెట్టు కింద ఆ వాసనలో దీపం పెట్టమంటారా? 2 ఖాయం చేయండి.

సరుగుడు_తోట:
తప్తపాణి 50 కిలోమీటర్లు. గోపాల్‌పూర్ అయితే 16. అక్కడే పెట్టుకోరాదూ?

పెద్దబజారు:
గోపాల్‌పూర్‌లో ఉసిరి చెట్టు చూపించు బాబూ. సముద్రపు గాలికి పొయ్యి నిలవదు. సరుగుడు తోటలోకి జరుగుదామంటే నేలంతా రాలిన ఎండాకు, ఒక్క నిప్పురవ్వ చాలు. అన్నంలో ఇసుక సరేసరి.

తారీఖు సంగతి అలా ఉంచి, బియ్యం మాట ముందు తేల్చండి. 30 మందికి పులిహోరకి 3 కిలోలు, చింతపండు 350 గ్రాములు, నూనె దాదాపు అంతే. బియ్యం అరువా, అంటే పచ్చి బియ్యం, అయి తీరాలి. ఇక్కడ కొట్లో ఏమీ అనకుండా 'చావల్' అంటే ఉసునా కట్టేస్తాడు. ఉప్పుడు మెతుకు పులుసు పీల్చదు, పులుపు పైపైన ఉండిపోతుంది. అన్నం వార్చి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, పసుపూ నూనే పట్టించి, ఆరాకే పులుసు. వేడి మీద గరిట తిప్పితే ముద్దే.

పొద్దు_తక్కువ:
తారీఖేదైనా నాలుగింటికి గిన్నెలు సర్దేయాలి. నవంబర్‌లో ఐదుంబావుకే పొద్దు వాలిపోతుంది, తప్తపాణి నుంచి ఘాట్ దిగాలి.

గంజాం_కోడలు:
బియ్యం గురించి ఎవరూ అడగలేదండీ. 2 ఎందుకు కాదో చెప్పండి.

పెద్దబజారు:
2 పంచుకలో, అంటే ఒడియా కార్తీకం ఆఖరి ఐదు రోజుల్లో, పడుతుందమ్మా. మీ అత్తగారి వైపు పెద్దవాళ్లు హబిసలో, అంటే కార్తీక వ్రతపు పథ్యంలో, ఉంటారు. పసుపు ముట్టరు, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టమాటా ఏవీ లేవు, ఒక్కపూటే భోజనం. పిలిచి పులిహోర చూపించి పంపుతారా?

గంజాం_కోడలు:
అంటే వాళ్లు వచ్చినా తినలేరని 2 వద్దు. ఛడఖై అయ్యాక శాకాహారానికి ఎటూ రారని 9 ముద్దు. రెండు లెక్కలూ ఒక్కచోటికే వస్తున్నాయి మాస్టారూ. వాళ్లు రావడమే మీకు ఇష్టం లేదు, ఆ మాటేదో చెప్పేయండి.

బణభోజి_చాలు:
డిసెంబర్‌లో అందరూ మటన్‌తో బణభోజి, అదే ఒడియా వనభోజనం, చేస్తారుగా. దానికే వెళ్దాం, గొడవ లేదు.

పెద్దబజారు:
చెప్తాను. ఏడాదికి ఒక్కరోజు మన పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెలుగులో కొట్లాడుకుంటారు. నలుగురు ఒడియా చుట్టాలు వచ్చారా, వాళ్లకంటే ముందు మనమే ఒడియాలోకి దిగిపోతాం. 1936లో ఒడిశా వేరుపడి బరంపురం ఇటొచ్చింది. బడి, ఆఫీసు, బజారు అన్నీ ఒడియాలోనే. ఒక్క చెట్టు కింద మన మాట ఉంటే తప్పా?

గంజాం_కోడలు:
తప్పు కాదు. మరి తండ్రి ఒడియా, తల్లి తెలుగు అయిన పిల్లల్ని ఏ చెట్టు కింద కూర్చోబెడతారు? ఉసిరికి వాళ్లూ మొక్కుతారు, అంళా నవమి అని. ఆ ఇంటి నాయనమ్మ రాకపోతే ఆ పిల్లలూ రారు. మీ తెలుగు వినేవాళ్లలో ముగ్గురు తగ్గారు.

వత్తులబుట్ట:
ఇద్దరూ కాస్త ఆగండి. హబిసకి కావలసిందీ అరువా బియ్యమే, మాస్టారు పట్టుబట్టినదే. మొదటి పొయ్యి వాళ్లది: కొత్త గిన్నెలో పెసరపప్పు, అరటికాయ, చేమదుంప, పుల్లటి ఔ కాయ ముక్క, అల్లం, కొబ్బరి, దించాక నెయ్యి. పసుపు డబ్బా విప్పకముందే అది దిగిపోవాలి, గరిట కలవకూడదు. పొయ్యి పదింటికి ముట్టిస్తే చాలు.

ఉసిరి దీపాలు నేను తెస్తాను. కాయ అడుగు పలచగా చెక్కాలి, లేకపోతే దొర్లిపోతుంది. పైన గింజ తగిలేదాకే తొలవాలి, అంతకు మించితే పగులుతుంది. పొద్దుటి చలికి నెయ్యి గడ్డకడుతుంది కాబట్టి వత్తి ఇంట్లోనే తడిపి పెట్టుకోండి.

పెద్దబజారు:
పిల్లలతో మాత్రం తెలుగే మాట్లాడాలి, నాయనమ్మ ఎదురుగా ఉన్నా సరే.

గంజాం_కోడలు:
నాయనమ్మకి తెలుగు మీకంటే బాగా వచ్చు.

పెద్దబజారు:
అయితే 2. అరువా నేనే కొంటాను, ఇంకెవరూ తేకండి.