నాఫ్తా, రోపా: స్లావిక్ భాషల్లో ముడిచమురు

ముడిచమురును రష్యన్, పోలిష్, చెక్, సెర్బియన్ వంటి స్లావిక్ భాషలన్నీ ‘నాఫ్తా’ అనే పిలుస్తాయని ఒక మిత్రులు రాసిన మాటలో సగమే నిజముంది. ఆ పదం ఏదో ఒక రూపంలో ఆ భాషలన్నిటా ఉన్నప్పటికీ, అది సూచించే వస్తువు సరిహద్దు దాటితే మారిపోతుంది. ఉక్రేనియన్, బెలారూసియన్, సెర్బియన్, క్రొయేషియన్ భాషల్లో నాఫ్తా అంటే భూమిలోంచి తోడిన ముడిచమురే. చెక్, స్లోవాక్ భాషల్లో అది డీజిల్, పోలిష్‌లో కిరసనాయిలు. బల్గేరియన్‌లో ముడిచమురుకు ‘నెఫ్ట్’ అనీ ‘పెట్రోల్’ అనీ రెండు మాటలున్నాయి. మనం బండిలో పోయించుకునే పెట్రోలును అక్కడ ‘బెంజిన్’ అంటారు కనుక, ఆ మాట విని మోసపోకూడదు.

ఈ పదం పుట్టుక స్లావులది కాదు. ప్రాచీన మెసొపొటేమియాలోని అక్కదీ భాషలో ఉన్న ‘నప్తు’ దాకా దాని జాడ వెళుతుంది. గ్రీకు ‘నాఫ్తా’, పారశీక ‘నఫ్త్’ ఆ వంశంలోనివే. రష్యన్ ‘న్యెఫ్త్’ మాత్రం పారశీకం నుంచి తురుష్క భాషల మీదుగా వచ్చింది. అందుకే దాని రూపం మిగిలిన వాటికి కాస్త భిన్నంగా వినిపిస్తుంది.

అసలు ఆసక్తికరమైన మాట ‘రోపా’. పోలిష్‌లో ముడిచమురు ‘రోపా నఫ్తోవా’, వాడుకలో ఒట్టి రోపా. చెక్, స్లోవాక్ భాషల్లోనూ ముడిచమురు రోపాయే. చెక్‌లోకి ఇది పోలిష్ నుంచే వెళ్లింది. అయితే పోలిష్‌లో రోపా అంటే పుండులోంచి కారే చీము కూడా. పక్కనే ఉన్న ఉక్రేనియన్‌లో అదే మాటకు అర్థం చిక్కటి ఉప్పునీరు. చీము, ఉప్పునీరు, చమురు మూడూ లోపలి నుంచి ఊరి పైకి వచ్చేవే కావడం ఈ అర్థాలను కలిపిన సూత్రమని నాకు తోస్తుంది. కార్పాతియన్ కొండల పాదాల దగ్గర, నేటి పశ్చిమ ఉక్రెయిన్‌లోని ద్రొహోబిచ్, బొరిస్లావ్ ప్రాంతంలో ఉప్పు ఊటలూ చమురు ఊటలూ పక్కపక్కనే ఉండేవన్న సంగతి కూడా ఈ ఊహకు బలమిస్తుంది.

పోలిష్ నాఫ్తా కిరసనాయిలుగా ఎందుకు స్థిరపడిందో కూడా ఆ నేలే చెబుతుంది. ఆ దగ్గర్లోని ల్వోవ్ నగరంలో మందుల తయారీదారుగా ఉన్న ఇగ్నాత్సీ వుకాషేవిచ్ స్థానికంగా ఊరిన రోపాను మరిగించి శుద్ధి చేసి, 1853లో దానితో దీపం వెలిగించాడు. మరుసటి ఏడాది నేటి పోలండ్‌లోని బొబ్ర్‌కాలో చమురు బావి తవ్వించాడు. నేలలోంచి వచ్చినదానికి ఊరివాళ్ల మాట రోపా అప్పటికే ఉంది కాబట్టి, నాఫ్తా అనే పరాయి మాట శుద్ధి చేసిన సరుకుకు మిగిలింది. రోపాకు ముడిచమురు అర్థం స్థిరపడని సెర్బియన్ వంటి భాషల్లో నాఫ్తా ముడిచమురు దగ్గరే ఉండిపోయింది.

తెలుగులో ఇది తలకిందులైంది. దీపంలో పోసే నూనెకూ తలకు రాసుకునే నూనెకూ వాడిన ‘చమురు’ భూగర్భంలోని సరుకుకు పేరై, దీపంలోకి ‘కిరసనాయిలు’ అనే అరువు మాట వచ్చింది. చెక్ రచనను తెలుగు చేసేవారు అందులో ‘నాఫ్తా’ కనిపించగానే ముడిచమురు అని రాస్తే, కథలోని లారీ శుద్ధి చేయని చమురుతో నడిచినట్లవుతుంది.